శ్రీకాకుళమా, విజయనగరమా? దూరం నుంచి వచ్చి కాపురం పెట్టేవారికి ఏది మేలు?

పైడిభీమవరం పారిశ్రామికవాడలో కొత్తగా చేరిన రాయలసీమ కుర్రవాళ్లు మొదటి వారంలోనే క్యాంటీన్‌లో నా పక్కన చేరి అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "కాపురం శ్రీకాకుళంలో పెట్టమంటావా అన్నా, విజయనగరంలో పెట్టమంటావా?" పైడిభీమవరం శ్రీకాకుళం జిల్లాలోని ఊరే అయినా, జాతీయ రహదారి మీద రెండు పట్టణాలకూ నడుమన ఉంది. మా షిఫ్టు బస్సులు రెండు వైపులకూ తిరుగుతాయి కాబట్టి ఈ ప్రశ్న ఎవరికీ తప్పదు. నాది అనంతపురం జిల్లా. మందుల కర్మాగారంలోని ల్యాబులో పని చేస్తున్నాను. మూడేళ్లు శ్రీకాకుళంలో అద్దెకుండి, నిరుడు విజయనగరానికి మారాను. జ్యేష్ఠం చివరలోనే ఇల్లు కుదిరినా, ఆషాఢంలో ఇల్లు మారకూడదని మా అమ్మ పట్టుబట్టడంతో నెల రోజులు రెండు అద్దెలూ కట్టి, శ్రావణంలో పాలు పొంగించాము. కనుక రెండు ఊళ్ల మంచిచెడ్డలూ కొంత తెలిసే ఇది రాస్తున్నాను.

రెండింటిలోనూ ఒకే తీరుగా ఉండే కష్టాలను ముందే చెప్పి పక్కన పెడతాను. పొడి ఎండకు అలవాటుపడిన మన ఒంటికి ఇక్కడి ఉక్క ఒక పట్టాన సరిపడదు. ఉప్పు డబ్బాలో నీరూరుతుంది, వానాకాలంలో బీరువాలోని తోలు బెల్టుకు బూజు పడుతుంది. తుపాను అన్న మాట మనం వార్తల్లో విన్నదే తప్ప ఎరిగినది కాదు. ఇక్కడ 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే విరుచుకుపడ్డాయి కాబట్టి, దసరా సెలవులకు ఊరికి వెళ్లేవారు కిటికీలన్నీ గడియలు వేసి, మీటరు దగ్గర కరెంటు ఆపేసి వెళ్లడం మంచిది.

మాట కూడా అంతే. మొదటి నెలలో నేను కిరాణా కొట్టుకు వెళ్లి, మన అలవాటు కొద్దీ "ఏమప్పా, రాగిపిండి ఉందా?" అని అడిగితే, కొట్టాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇక్కడ అప్ప అంటే అక్క అని, మీసాలున్న మనిషిని నేను అక్కా అని పిలిచానని, రాగులను చోళ్లు అంటారని, నాకు కావలసింది చోడిపిండి అని వివరంగా చెప్పి, కిలో తూచి ఇచ్చాడు. ఈ పాఠం విజయనగరంలో నేర్చుకున్నా, శ్రీకాకుళంలో నేర్చుకున్నా ఒకటే.

ఇక తేడాల సంగతి. మనుషుల మంచితనం, బతుకులోని నెమ్మది చూసి ఓటు వేయమంటే నేను శ్రీకాకుళానికే వేస్తాను. ఊరి నడుమ నాగావళి ఉంది, రెండు కిలోమీటర్ల దూరంలో అరసవల్లి సూర్యదేవాలయం ఉంది, సెలవు రోజు సాయంత్రం కళింగపట్నం సముద్రతీరానికి వెళ్లి రావచ్చు. మేమున్న ఇంటి యజమానురాలు, మేము దిగిన మొదటి వారమంతా, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి "ఏటమ్మా, తినీసినారేటి?" అని గుమ్మంలోకి వచ్చి అడిగేవారు. మా ఆవిడ దానిని ఆరా తీయడమనుకొని కొంత బిగుసుకున్నది గానీ, పనసపొట్టు ఆవ పెట్టి వండిన కూర గిన్నెతో ఆమె మెట్లెక్కి రావడం మొదలుపెట్టాక ఆ బిగువు సడలిపోయింది. అద్దె కూడా తక్కువే: అక్కడ 8,000 కట్టినవాడిని, అంతే వైశాల్యం ఉన్న ఇంటికి ఇక్కడ 9,500 కడుతున్నాను. వేసవిలో మా వీధికి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి; శ్రీకాకుళంలో మేమున్న మూడేళ్లలో ఆ ఇబ్బంది ఎరగము.

అయినా ఎందుకు మారానంటే, ఒక్క రైల్వే స్టేషను కోసం. ఇంత చిన్న కారణానికి ఊరు మారతారా అని నన్ను వేళాకోళం చేసినవారు ఉన్నారు గానీ, అమ్మానాన్నలను 1,000 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న దూరంలో వదిలి వచ్చినవాడికి ఇది చిన్న కారణం కాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. పట్టణానికి సుమారు 13 కిలోమీటర్లు. రైల్వేవారు ఊరి పేరు పక్కన రోడ్ అన్న మాట చేర్చారంటే, ఆ ఊరికి అక్కడి నుంచి రోడ్డు పట్టుకొని పోవాలని అర్థం. టికెట్టు మీద ఆ పేరును ఎన్నోసార్లు చూసినా, నాకు అది ఒక రాత్రి గానీ తలకెక్కలేదు.

ఆ రాత్రి మా అమ్మానాన్నలు విజయవాడలో బండి మారి వస్తున్నారు. తొమ్మిదింటికి రావలసిన బండి పన్నెండు దాటాక వచ్చింది. మా నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఒక చేత్తో చెనిక్కాయల సంచీ, ఒక చేత్తో నా భుజం పట్టుకొని వంతెన మెట్లు దిగడానికే పావుగంట పట్టింది. బయటకు వస్తే బస్సు లేదు. ఉన్న రెండు ఆటోలలో ఒకదానిలో డ్రైవరు గాఢనిద్రలో ఉన్నాడు, రెండో ఆయన అడిగిన డబ్బుకు పగటిపూట నాలుగు సార్లు వెళ్లి రావచ్చు. బేరమాడే ఓపిక లేక ఎక్కాము. ఇల్లు చేరేసరికి రెండు కావస్తోంది, గేటు చప్పుడుకు యజమానురాలు లేచి లైటు వేశారు. మా అమ్మ మెట్ల మీద కూర్చొని, "ఇంత దూరం రైలులో వచ్చిందానికి లేని అలుపు ఈ ఆటోలో వచ్చింది" అన్నది. తరువాత ఏడాదిన్నర దాకా వాళ్లు మళ్లీ రాలేదు, మేమే వెళ్లి చూసి వచ్చాము.

విజయనగరం స్టేషను ఊళ్లోనే ఉంది. పైగా అది జంక్షను, రాయ్‌పూర్ వైపు పోయే మార్గం ఇక్కడే విడిపోతుంది కాబట్టి ఆ మార్గంలోని బళ్లూ ఇక్కడ ఆగుతాయి. మన అనంతపురానికి బండి మారకుండా పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ రెండు స్టేషన్లలోనూ ఆగుతుంది గనుక దాని వరకు తేడా లేదు. కానీ ఆ ఒక్క బండిలో ప్రతిసారీ బెర్తు దొరకదు. దొరకనప్పుడు విశాఖపట్నంలో బయలుదేరే బళ్లే దిక్కు. విజయనగరం నుంచి విశాఖకు రైలు మార్గంలో సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం రోడ్ నుంచి 130. అర్ధరాత్రి ఫోను వచ్చి ఉన్నపళాన బయలుదేరవలసినప్పుడు ఆ 70 కిలోమీటర్ల తేడా ఎంతటిదో, ఒకసారి అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. ఆసుపత్రి విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది: రెండు పట్టణాలలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి, అయినా పెద్ద జబ్బు అంటే ఇక్కడివారంతా చివరికి విశాఖకే తీసుకుపోతారు.

పిల్లల చదువు గురించి ఎక్కువ చెప్పను, రెండు చోట్లా బడులు సరిపడా ఉన్నాయి. మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటానంటే మాత్రం విజయనగరం కలిసివచ్చింది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ గురువుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊళ్లో, ఏ పేటలో వెతికినా ఇంటి దగ్గర పాఠం చెప్పే మాస్టారు ఒకరు దొరుకుతారు. అయితే దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగే రోజున కోట పరిసరాలకు బండి తీసుకొని వెళ్లే సాహసం చేయకండి. నేను మొదటి ఏడాది చేసి, మోటారు సైకిలును ఎవరి ఇంటి ముందో వదిలి, నడిచి ఇల్లు చేరాను.

విశాఖపట్నంలోనే ఉండి రోజూ వచ్చిపోతామనేవారూ కొందరున్నారు; జీతం అద్దెకూ, వయసు బస్సుకూ ఖర్చయిపోయినా పరవాలేదనుకుంటే అలాగే కానివ్వండి. పైడిభీమవరానికి దగ్గరలోని రణస్థలంలో గది తీసుకోవడం పెళ్లికాని వారికి మొదటి ఆరు నెలలకు బాగుంటుంది. 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలో కలిసిన రాజాం మంచి ఊరే గానీ, రైలు మార్గం మీద లేదు.

శ్రీకాకుళమే మేలైనవారు లేకపోలేదు. తల్లిదండ్రులను వెంట తెచ్చుకున్నవారికి, ఏడాదికి ఒకసారి మించి ఊరి ముఖం చూడనివారికి, ఒడిశాలోనో పలాస వైపో చుట్టాలున్నవారికి నా స్టేషను గొడవతో పని లేదు. వాళ్లు నిశ్చింతగా శ్రీకాకుళంలో దిగి, మిగిలిన 1,500తో ఒక ఏసీకి వాయిదాలు కట్టుకోవచ్చు. మేము ఇప్పటికీ నెలకో ఆదివారం అరసవల్లి వెళ్లి, తిరుగుదారిలో ఆ యజమానురాలి ఇంట్లో భోజనం చేసి వస్తున్నాము.

విజయనగరమే ఖాయం చేసుకున్నవారు ఇల్లు వెతికేముందు షిఫ్టు బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోండి. మా బస్సు రాత్రి షిఫ్టువారిని పదకొండు దాటాక దింపుతుంది. స్టేషనుకు దగ్గరని ఊరికి ఆ చివర ఇల్లు తీసుకున్న మా ల్యాబు కుర్రవాడు ఇప్పుడు బస్సు దిగే చోట ఒక పాన్‌షాపువాడికి నెలకింత అని ఇచ్చి, మోటారు సైకిలును అక్కడే పెట్టుకుంటున్నాడు.