పాత ఏటీవీతో ఆరేళ్లు: గొడవంతా స్టార్టింగ్ దగ్గరే

నర్సంపేట నుంచి పాకాల పోయే వైపు మాకు ఎనిమిదెకరాలు ఉంది. సగం మిర్చి, సగం మక్కజొన్న. డ్రిప్పు పైపులు పరిచిన చేనులోకి ట్రాక్టర్ దించితే పైపులు నలుగుతాయి. బైకు మీద యూరియా బస్తా వేసుకుని తడి గట్టు ఎక్కితే మనిషే పడతాడు. 2019 దసరా తర్వాత ఒక రిసార్టు వాళ్లు పాత ఏటీవీలు (బురదలోనూ పోయే నాలుగు లావు చక్రాల బండ్లు) అమ్మేస్తున్నారని తెలిసి, వెళ్లి ఒకటి తెచ్చుకున్నాను. 250 సీసీ, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది) ఉన్న బండి, బెల్టు మీద నడిచే ఆటోమేటిక్, రివర్స్ ఉంది. సెల్ఫ్‌తో పాటు లాగి స్టార్ట్ చేసే తాడు కూడా ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పలు ఏ పాత కార్బురేటర్ బండికైనా వచ్చేవే.

పనితనానికి వంక పెట్టను. చిన్న ట్రాలీ తగిలిస్తే నాలుగు యూరియా బస్తాలు లాగుతుంది, బురదలో బైకు ఆగిపోయే చోట ఇది పోతుంది. సీటు గట్టి, వెనక బ్రేకు అంతంత మాత్రం. మైలేజీ నేనెప్పుడూ లెక్క కట్టలేదు, కడితే బాధ. రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పొలం దాటి తోలను. చెడిపోతే షాపుకు తోలుకుపోయే వీలు కూడా లేదన్నమాట. ట్రాలీ ఆటో మాట్లాడి, నలుగురిని పిలిచి ఎక్కించాలి. తీరా హన్మకొండ తీసుకుపోతే బైకు మెకానిక్ "అన్నా, ఇది కారు మెకానిక్‌కు చూపెట్టు" అన్నాడు, కారు మెకానిక్ బైకు షాపుకు పొమ్మన్నాడు. అట్లా ఈ బండి నన్నే మెకానిక్‌ను చేసింది.

మొదటి గొడవ రెండో ఏడాది మొదలైంది. సెల్ఫ్ బటన్ నొక్కితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ పోయిందని కొత్తది వేయించాను. పదిహేను రోజులు బాగానే ఉంది, మళ్లీ టక్. ఈసారి సెల్ఫ్ మోటార్‌కు కరెంటు పంపే రిలే మార్చాను. మళ్లీ టక్. అప్పటికి నాలుగు వేలకు పైనే పోయింది. మా ఊళ్లో మోటార్లకు వైండింగ్ కట్టే కాక ఒకాయన వచ్చి చూసి, "ముందు కొలువు బిడ్డా, తర్వాత కొను" అని తన మీటరు చేతిలో పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు. బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు కూడా 11 దిగలేదు. అంటే బ్యాటరీ నిక్షేపంలా ఉంది. అదే బటన్ నొక్కి స్టార్టర్ మోటార్ దగ్గర కొలిస్తే 7 కూడా లేదు. మధ్యలో నాలుగు వోల్టులు ఎవరు తిన్నారు? నెగెటివ్ వైరు ఛాసిస్‌కు బిగించిన బోల్టు. దాని కింద తుప్పు, ఆ తుప్పులో మా ఎర్రమట్టి. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాశాను. ఖర్చు పది రూపాయలు. ఆ రోజే నాలుగు వందలు పెట్టి సొంత మీటరు కొన్నాను. ఈ బండికి నేను కొన్న వాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

ఇప్పుడు బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గరే 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనమని చూస్తాను. ఇంజిన్ నడుస్తూ కాస్త రేసులో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపించకపోతే చార్జింగే సరిగా లేదని అర్థం. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల ముచ్చటే.

టక్ కూడా లేకుండా బండి పూర్తిగా మూగబోయిన రోజులు వేరు. నా బండిలో బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ తిరుగుతుంది. బ్రేకు లివర్ కింద గోరంత స్విచ్చు ఉంటుంది. దానిలో బురద ఎండిపోతే మనం బ్రేకు పట్టినా దానికి తెలియదు. బ్రేకు పట్టినప్పుడు వెనక లైటు వెలుగుతుందో లేదో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. ఇంకోసారి ఎలుక వైరు కొరికింది. కలరా ఉండలు వేశాను, ఎలుకలు వాటిని లెక్క చేయలేదు. బండిని మక్కల కుప్ప పక్క నుంచి తీసి బావి దగ్గర రేకుల కింద పెట్టాకే ఆ బాధ తప్పింది. ఇంకో మాట, సిగ్గుపడుతూనే చెప్తున్నా: ఒకసారి గంటసేపు వైర్లన్నీ విప్పాక, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్చు ఆఫ్‌లో ఉందని మా చిన్నోడు చూపించాడు.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు, ఇది ఎక్కువగా పెట్రోలు గొడవ. మిర్చి కోతలు అయిపోయాక ఎండాకాలం రెండు నెలలు బండికి పని ఉండదు. 2025లో అట్లా నిలబెట్టి, జూన్ తొలి వానకు తీస్తే ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. కార్బురేటర్ అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి గాజు సీసాలోకి పెట్రోలు పట్టాను. కాసేపటికి అడుగున వేరే పొర తేలింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఆ నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. మన బండి ముందుగా తాగేది ఆ అడుగుదే. పాత రబ్బరు పైపులకూ అది పడదు. నా పైపు వేలితో ఒత్తితే జిగురుగా అంటుకుంది, మార్చేశాను.

కార్బురేటర్ విప్పితే పెట్రోలు వచ్చే సన్న దారి, పైలట్ జెట్ అంటారు, పూడుకుపోయి ఉంది. దాని రంధ్రం వెంట్రుకకు కాస్త పెద్దది. సూదితో గానీ స్టీలు తీగతో గానీ పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే ఇక జెట్టే మార్చాలి. కరెంటు వైరులోంచి ఒక సన్నని రాగి పోగు తీసి మెల్లగా ఆడించి, క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చర్ షాపులో గాలి పట్టించాను. అప్పటి నుంచి బండిని నాలుగైదు రోజులకు మించి పక్కన పెట్టాలంటే పెట్రోలు ట్యాపు కట్టేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపిస్తాను. కార్బురేటర్ ఖాళీగా ఉంటే పూడుకుపోయే బెడద చాలా తగ్గుతుంది.

చలికాలం పొద్దున చోక్ వేయాల్సిందే. చోక్ వేసి యాక్సిలరేటర్ నొక్కితే మాత్రం ఈ రకం కార్బురేటర్లో చోక్ పని చేయదు. మావాడికి ఇది నాలుగుసార్లు చెప్పాను. నొక్కుతూ తిప్పి తిప్పి ప్లగ్గు తడిపేస్తాడు. అట్లా అయితే చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి కాసేపు తిప్పితే లోపలి పెట్రోలు పోయి అందుకుంటుంది. లేకపోతే ప్లగ్గు విప్పి తుడిచి, 0.7 మిల్లీమీటర్ల సందు చూసి వేయడమే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది వేడి మీద మొండికేయడం. పొద్దున ఒక్క నొక్కుకు లేస్తుంది. రెండు గంటలు చేనుకు మందు కొట్టి, బండి ఆపి, మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఇక లేవదు. అరగంట చల్లారాలి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఆ అరగంట ఎక్కడ కూర్చోవాలి? అడిగిన ప్రతి ఒక్కరూ ప్లగ్గుకు నిప్పు పుట్టించే కాయిల్ పోయిందన్నారు. కాయిల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఆ నిప్పు ఎప్పుడు పడాలో చూసే సీడీఐ డబ్బా కూడా తెప్పించాను. మీటరు కొన్న మనిషినే, కొలవకుండా మళ్లీ కొన్నాను చూడండి. వేడి మీద ప్లగ్గు విప్పి ఇంజిన్‌కు ఆనించి చూసి ఉంటే నీలం నిప్పు కనిపించేది, కాయిల్ బాగానే ఉందని అప్పుడే తేలేది. (ఇది చూసేటప్పుడు ప్లగ్గు రంధ్రానికి, పెట్రోలుకు దూరంగా పట్టుకోవాలి.)

చివరికి కాజీపేటలో ఆటోలు బాగు చేసే ముసలాయన పట్టుకున్నాడు. బండి పూర్తిగా చల్లారేదాకా ముట్టనే లేదు. పైన మూత విప్పి, సందులు కొలిచే ఫీలర్ గేజీలో పలచని రేకు, పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర దూర్చబోతే దూరలేదు. అక్కడ ఉండాల్సిన సందు సుమారు 0.1 మిల్లీమీటరు. ఏళ్ల తరబడి వాల్వు తన సీటులోకి అరిగి ఆ సందు మింగేసింది. ఇంజిన్ వేడెక్కితే వాల్వు ఇంకాస్త సాగి పూర్తిగా మూసుకోదు, సిలిండర్ లోపలి ఒత్తిడి, అంటే కంప్రెషన్, అక్కడి నుంచే జారిపోతుంది. చల్లారితే మళ్లీ మూసుకుంటుంది. స్క్రూ తిప్పి సందు పెట్టాడు, మూడు వందలు తీసుకున్నాడు. నేను అంతకు ముందు కాయిల్‌కు, సీడీఐకి పెట్టింది రెండు వేల ఎనిమిది వందలు. ఆ డబ్బాలు ఇప్పటికీ అటక మీదున్నాయి, ఎవరికైనా కావాలంటే సగం ధరకిస్తాను.

తాడు సంగతి. 2023 జూలై వానలు మా వైపు ఎవరూ మరిచిపోరు. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64.98 సెంటీమీటర్లు పడింది. మా బావి దగ్గర బండి సీటు దాకా మునిగింది. నీళ్లు తీశాక అందరూ స్టార్ట్ చేసి చూడమన్నారు, నేను ముట్టలేదు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గు విప్పి తాడు లాగితే నీళ్లు పిచికారీలా చిమ్మాయి. ఆయిల్ చూస్తే పాల చాయ్ రంగు. ఆయిల్ రెండుసార్లు మార్చి, ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఉతికి ఆరబెట్టి, బెల్టు గదిలో నీళ్లు వంచి, పెట్రోలు మొత్తం పారబోశాను. నాలుగో రోజు బ్యాటరీ లేకుండానే తాడుకు స్టార్టయింది. అన్ని బండ్లూ బ్యాటరీ లేకుండా లేవవు, నాది లేచింది. పాత ఏటీవీ కొనాలనుకునే వాళ్లకు నేను చెప్పేది, తాడు లేని బండైతే ధర ఎంత తగ్గించినా ఆలోచించండి. చూడటానికి పోయినప్పుడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారేమో ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఒకసారి, అరగంట తోలి వేడి మీద ఒకసారి, రెండుసార్లూ మీరే స్టార్ట్ చేయండి.

మొన్న రాత్రి పదకొండింటికి మక్కజొన్నలో అడవి పందులు పడ్డాయని పక్క చేను తమ్ముడు ఫోన్ చేశాడు. ఉరికిపోయి బటన్ నొక్కాను. ఒక్క నొక్కుకు లేచింది. హెడ్‌లైటే వెలగలేదు.