అకార్డ్, క్యామ్రీ రెండూ నడిపాక: సెడాన్ కొనాలా, లీజ్‌కి తీసుకోవాలా

ఇంటికి కారు కొనేటప్పుడు షోరూమ్‌లో అందరం డ్రైవర్ సీట్లోనే కూర్చుంటాం. పికప్ ఎలా ఉంది, స్క్రీన్ ఎంత పెద్దది, సన్‌రూఫ్ ఉందా అని చూసుకుని సంతకం పెట్టేస్తాం. రెండు మిడ్‌సైజ్ సెడాన్లను ఏళ్ళ తరబడి వాడాక నేను చెప్పేది ఒకటే. ముందు వెనక సీటు చూడండి, తర్వాత డిక్కీ చూడండి, ఆపైన ఏడాదికి మీరు ఎన్ని మైళ్ళు తిరుగుతారో కాగితం మీద రాసుకోండి. ఏ కారు, కొనడమా లీజా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇంట్లో రెండు కార్లు. ఒకటి 2018 హోండా అకార్డ్ స్పోర్ట్, 1.5 లీటర్ల టర్బో ఇంజిన్‌ది. దాన్ని మూడేళ్ళ లీజ్‌కి తీసుకుని, గడువయ్యాక 2021లో మేమే కొనేసుకున్నాం. రెండోది 2021 టయోటా క్యామ్రీ హైబ్రిడ్ ఎల్ఈ, కొత్తదే లోన్ మీద కొన్నాం. క్యామ్రీ నేను లాస్ కోలినాస్ ఆఫీసుకి నడుపుతాను, అకార్డ్ ఎక్కువగా మావారి దగ్గర ఉంటుంది. వారాంతాల్లో ఎవరికి ఏది దొరికితే అది.

అకార్డ్ తీసుకున్న రోజుల్లో పాప చంటిపిల్ల. వెనక్కి తిరిగి ఉండే కార్ సీటు పెడితే ముందు సీటు డ్యాష్‌బోర్డు దాకా జరపాల్సిందే అని చాలామంది అనుకుంటారు. ఆ అకార్డ్ వెనక కాళ్ళ జాగా 40.4 అంగుళాలు, అదే తరం క్యామ్రీలో 38 అంగుళాలు. కాగితం మీద రెండున్నర అంగుళాల లోపు తేడా. కానీ మావారు ఆరడుగుల మనిషి. ఆయన సీటు వెనకే కార్ సీటు బిగించినా అకార్డ్‌లో ఆయన మోకాళ్ళు స్టీరింగ్ కింద ఇరుక్కోలేదు. క్యామ్రీలో అదే కార్ సీటుని నా వెనక పెట్టుకోవాల్సి వచ్చింది. పిల్లలు చిన్నవాళ్ళుంటే ఈ ఒక్క విషయంలో అకార్డ్‌కి నా ఓటు, మరో మాట లేదు.

డిక్కీ సంగతీ అంతే. అకార్డ్‌ది 16.7 ఘనపుటడుగులు, క్యామ్రీది 15.1. మామూలు రోజుల్లో పటేల్ బ్రదర్స్ ఇండియన్ కిరాణా కొట్టు నుంచి తెచ్చే బియ్యం బస్తాకీ కూరగాయలకీ ఏదైనా చాలు. అసలు పరీక్ష అత్తయ్య గారు, మామయ్య గారు ఖమ్మం నుంచి వచ్చినప్పుడు డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో ఉంటుంది. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, పైన చేతి సంచులు, వాటిలో పచ్చళ్ళ డబ్బాలు. అకార్డ్‌లో మూడు పెద్ద పెట్టెలు సర్ది, పైన సందులో ఒక సంచి తోయొచ్చు. క్యామ్రీలో మూడో పెట్టెను అటూ ఇటూ తిప్పి, పిడి లోపలికి నొక్కితేగానీ మూత పడదు. నాలుగో పెట్టె రెండింటిలోనూ వెనక సీటు మీదికే. అందుకే ఎయిర్‌పోర్టుకి రెండు కార్లూ తీసుకెళ్తాం.

పెద్దవాళ్ళు ఎక్కి దిగడం గురించి సమీక్షల్లో ఎవరూ రాయరు. మా అత్తయ్య గారికి మోకాళ్ళ నొప్పులు. మొదటిసారి అకార్డ్ ఎక్కి, "ఇదేంటమ్మా, పీట మీద కూర్చున్నట్టుంది, లేవడమెట్లా?" అన్నారు. నిజమే. ఈ సెడాన్లన్నీ దాదాపు 57 అంగుళాల ఎత్తులోపే, పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది. తల వంచాలి, నడుం వంచాలి. తలుపు పూర్తిగా తెరిచి, ముందు సీటు బాగా ముందుకి జరిపి, ఆవిడ మొదట వెనక్కి కూర్చుని తర్వాత కాళ్ళు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంటే ఇబ్బంది తగ్గింది. దిగేటప్పుడు అదే వరస తిరగేసి. మీ ఇంట్లో ఆరేసి నెలలు ఉండే పెద్దవాళ్ళకి మోకాళ్ళు మరీ బాధిస్తుంటే సెడాన్ మానేసి సీఆర్‌వీ, రావ్4 లాంటి ఎత్తు బండి చూడండి. సెడాన్ అంటే నాకు ఇష్టం, అయినా ఆ మాట దాచను.

ఇక క్యామ్రీ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉన్న బండి. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్కలో ఎల్ఈకి గ్యాలన్‌కి 52 మైళ్ళు. ఊళ్ళో సిగ్నళ్ళ మధ్య ఆ అంకె అందుతుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. హ్యూస్టన్ దారిలో ఐ-45 మీద గంటకి 75 మైళ్ళ వేగంతో పోతే 45, 47 మధ్యకి దిగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి అడ్డు ఎక్కువవుతుంది, బ్రేకు తొక్కే అవసరం తక్కువ కాబట్టి బ్యాటరీకి తిరిగి చేరేదీ తక్కువ. హైవే మీదే బతికేవాళ్ళకి హైబ్రిడ్ లాభం ఉంటుంది కానీ ఊళ్ళో తిరిగేవాళ్ళకి ఉన్నంత ఉండదు. ఏడాదికి 15,000 మైళ్ళు తిరిగేవాళ్ళ లెక్క చూడండి. గ్యాలన్‌కి 32 మైళ్ళు ఇచ్చే పెట్రోల్ క్యామ్రీకి 469 గ్యాలన్లు కావాలి, హైబ్రిడ్‌కి 288 చాలు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే ఏడాదికి దగ్గర దగ్గర 540 డాలర్లు మిగులు.

నాకు డబ్బు కన్నా ఎక్కువ నచ్చింది ఏసీ. దీని కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది, ఇంజిన్‌కి బెల్టుతో కట్టి ఉండదు. ఆగస్టులో సాయంత్రం స్కూలు ముందు పికప్ లైన్లో నిలబడితే ఇంజిన్ ఆగిపోయి ఉన్నా లోపల చల్లగాలి తగ్గదు. అప్పుడప్పుడూ ఇంజిన్ తనంతట తాను లేచి బ్యాటరీ నింపి మళ్ళీ పడుకుంటుంది. నూటపది ఫారెన్‌హీట్ ఎండలో ఇది ఎంత సుఖమో అనుభవిస్తేనే తెలుస్తుంది. నచ్చనిదీ ఉంది. ర్యాంప్ ఎక్కి ఒక్కసారిగా హైవేలో కలవాలంటే ఇంజిన్ గట్టిగా ఒకే శ్రుతిలో అరుస్తుంది. ఆ చోట అకార్డ్ టర్బో హాయిగా లాగేస్తుంది. నడపడంలో సరదా కావాలంటే అకార్డే.

హైబ్రిడ్ అనగానే "బ్యాటరీ పోతే?" అని అడుగుతారు. 2020 మోడల్ నుంచి టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళ వారంటీ. ఇందులో ఆల్టర్నేటర్ లేదు, విడిగా స్టార్టర్ మోటార్ లేదు, కాబట్టి వాటి ఖర్చూ లేదు. బ్రేకులో సగం పని మోటారే చేస్తుంది గనక ప్యాడ్లు చాలా కాలం వస్తాయి. సింథటిక్ ఆయిల్ 10,000 మైళ్ళకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు. అయితే ఒక చిన్న పని మాత్రం మనం మరిచిపోకూడదు. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, దాన్ని చల్లబరిచే గాలి సీటు కింది భాగంలోని ఒక జాలీ గుండా లోపలికి పోతుంది. మా ఇంట్లో ఆ జాలీ ముందు పాప బ్యాగు, మామయ్య గారి శాలువా, ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంటుంది. ఒకసారి టార్చి వేసి చూస్తే జాలీ గళ్ళల్లో జంతికల ముక్కలు, పైన దుమ్ము పొర, లోపలి ఫిల్టర్ బూడిద రంగుకి తిరిగి ఉంది. వాక్యూమ్ పెట్టి పీల్చేస్తే పోయింది. సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ చూడ్డానికి వెళ్తే నేను ముందు వంగి చూసేది ఈ జాలీనే. అది శుభ్రంగా ఉంటే ఆ బండిని శ్రద్ధగా చూసుకున్నారని నాకు నమ్మకం కలుగుతుంది.

చక్రాల సైజు కూడా షోరూమ్‌లో ఎవరూ పట్టించుకోరు. అకార్డ్ స్పోర్ట్‌కి 19 అంగుళాల చక్రాలు, 40 ప్రొఫైల్ టైర్లు. ప్రొఫైల్ అంటే టైరు వెడల్పులో పక్క రబ్బరు ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. చూడ్డానికి ఎంతో అందం. మా క్యామ్రీ ఎల్ఈకి 16 అంగుళాలు, 65 ప్రొఫైల్. రబ్బరు మందంగా ఉంటే గుంట పడినా నడుముకి తగలదు. డాలస్ హైవేలు చాలావరకు కాంక్రీటువి, రబ్బరు పలచగా ఉన్న టైర్ల బండిలో ఆ హోరు లోపలికి వినిపిస్తుంది. టైర్లు మార్చేటప్పుడు ధరలో తేడా కూడా బాగానే తగులుతుంది. నా మాట వింటే ఏ కంపెనీ బండైనా సరే, చిన్న చక్రాల ట్రిమ్ (ఎల్ఈ, స్పోర్ట్ లాంటి రకం) అడగండి.

లీజ్ సంగతికొద్దాం, మనవాళ్ళు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. లీజ్ అంటే మూడేళ్ళలో కారు విలువ ఎంత పడిపోతుందో అంత మనం కట్టడం, దాని మీద వడ్డీ. ఉదాహరణకి బండి 30,000 డాలర్లు, మూడేళ్ళ తర్వాతి విలువ 58 శాతం అంటే 17,400 అనుకోండి. దాన్నే రెసిడ్యువల్ అంటారు. పడిపోయే 12,600ని 36 నెలలకి పంచితే 350. వడ్డీని డీలర్లు శాతంలో చెప్పరు, మనీ ఫ్యాక్టర్ అని 0.0025 లాంటి అంకె చూపిస్తారు. దాన్ని 2,400తో హెచ్చవేస్తే 6 శాతం అని తెలుస్తుంది. ధరనూ రెసిడ్యువల్‌నూ కూడి, ఆ మొత్తాన్ని 0.0025తో గుణిస్తే నెలకి 118 చిల్లర. మొత్తం నెలకి 468 పైచిలుకు. అదే 30,000ని 6 శాతానికి ఐదేళ్ళ లోన్ తీసుకుంటే నెలకి 580. లీజ్ చవగ్గా కనిపించేది అందుకే. కానీ ఐదేళ్ళయ్యాక లోన్ కట్టినవాళ్ళ కారు వాళ్ళదే, లీజ్‌వాళ్ళు రెండో కారుకి కడుతూ ఉంటారు.

దీనికి తోడు టెక్సాస్ పన్ను. ఇక్కడ వాహనాల మీద 6.25 శాతం. లీజ్ బండికైనా పూర్తి ధర మీదే పడుతుంది, ఆ భారం సాధారణంగా మన మీదికే వస్తుంది. పై ఉదాహరణలో 1,875 డాలర్లు. గడువయ్యాక బండి కొనుక్కుంటే 17,400 మీద మళ్ళీ 6.25 శాతం. కాలిఫోర్నియాలో నెలసరి కంతు మీద కడతారు కాబట్టి అక్కడి స్నేహితుల లెక్క ఇక్కడ పనికిరాదు.

మైళ్ళ పరిమితి సాధారణంగా ఏడాదికి 10,000 లేదా 12,000. దాటితే మైలుకి 15 నుంచి 25 సెంట్లు. ఫ్రిస్కో నుంచి పాతిక మైళ్ళ దూరం ఆఫీసుకి రోజూ వెళ్ళొస్తే ఏడాదికి అదే 12,000 దాటుతుంది. గుడి, బాలవిహార్, పుట్టినరోజు పార్టీలు, హ్యూస్టన్ ప్రయాణాలు అన్నీ పైన.

మేము అప్పుడు లీజ్ తీసుకోవడానికి కారణం ఉంది. మావారి హెచ్-1బీ ఉద్యోగ వీసా మూడేళ్ళకి ఉంది, ఆ తర్వాత ఎక్కడుంటామో తెలియదు. మూడేళ్ళ వీసాకి మూడేళ్ళ లీజ్ సరిపోయింది. 2021లో చిప్‌ల కొరత వల్ల పాత కార్ల ధరలు ఎగబాకేసరికి, ఒప్పందంలో రాసిన రెసిడ్యువల్ బజారు ధర కన్నా తక్కువైంది. అందుకే వదలకుండా కొనేశాం. ఆ రోజులు ప్రత్యేకం. దాన్ని చూసి ఇప్పుడు లీజ్ తీసుకోవద్దు. మధ్యలో ఉద్యోగం పోయి ఇండియా వెళ్ళిపోవాల్సి వస్తే లీజ్ తెంచుకోవడం చాలా ఖర్చు. వేరేవాళ్ళకి బదిలీ చేయనిస్తారో లేదో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.

అదే ఏడాది క్యామ్రీ కోసం తిరిగినప్పుడు ఒక డీలర్ దగ్గర స్టిక్కర్ ధర మీద "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అని అదనంగా వేశారు. టైర్లలో నైట్రోజన్‌కీ పెయింట్ పూతకీ వేరే డబ్బు. మేము లేచి వచ్చేశాం. ఆ తర్వాత నాలుగు చోట్లకి ఈమెయిల్ పెట్టి, పన్నులూ ఫీజులూ అన్నీ కలిపి "అవుట్ ది డోర్" ధర ఎంతో రాయమన్నాం. తిన్నగా జవాబిచ్చినవాళ్ళ దగ్గరే కొన్నాం. నెలకి ఎంత కట్టగలరు అని అడిగితే జవాబు చెప్పకండి, మొత్తం ధర తేలేదాకా.

మిగతా బండ్ల గురించి కొద్దిగా. హ్యుందాయ్ సొనాటా హైబ్రిడ్‌లో 2020-23 మోడళ్ళ బ్లూ ట్రిమ్‌కి కూడా గ్యాలన్‌కి 52 మైళ్ళు, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ 10 ఏళ్ళు, 1,00,000 మైళ్ళ వారంటీ. ఆ వారంటీ మొదటి యజమానికే, రెండోవాళ్ళకి 5 ఏళ్ళు, 60,000 మైళ్ళే. కొత్తది కొని పదేళ్ళుంచుకునేవాళ్ళకి చాలా మంచి బేరం, పాతది కొనేవాళ్ళకి అంత కాదు. నిస్సాన్ ఆల్టిమాలో ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది, మంచు కురిసే ఊళ్ళవాళ్ళు చూడొచ్చు. ఫ్యూజన్, మాజ్డా6, పసాట్, మాలిబు అన్నీ అమెరికాలో ఆగిపోయాయి. నాకు ఇది నిజంగా బాధ. నలుగురు మనుషులకి తక్కువ పెట్రోల్‌తో సుఖంగా నడిచే బండి ఇంతకన్నా ఏముంది?

ఇప్పుడు కొత్తది చూసేవాళ్ళకి 2025 నుంచి క్యామ్రీ హైబ్రిడ్‌గానే వస్తోంది, ఎల్ఈకి 51 మైళ్ళు. 2023లో మారిన అకార్డ్‌లో 1.5 టర్బోతో పాటు హైబ్రిడ్ పై ట్రిమ్‌లలో ఉంది, వెనక జాగా ఇంకాస్త పెరిగి 40.8 అంగుళాలైంది. ఇద్దరు చిన్న పిల్లలున్న ఇంటికైతే అకార్డ్ హైబ్రిడ్ ఈఎక్స్-ఎల్ నా మొదటి ఎంపిక. ఊళ్ళో తిరుగుడు ఎక్కువ ఉండి పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి క్యామ్రీ ఎల్ఈ.

మా మరిది జెర్సీ సిటీలో ఉంటాడు. ఆఫీసుకి రైల్లో వెళ్తాడు, వారాంతానికే కారు తీస్తాడు, ఏడాదికి 6,000 మైళ్ళు కూడా దాటవు, రెండేళ్ళలో ఊరు మారే ఆలోచన ఉంది. "వదినా, నువ్వు కొనమంటావుగా?" అన్నాడు. నీకు లీజే మంచిదని చెప్పాను. 10,000 మైళ్ళ ఒప్పందం తీసుకుని, మనీ ఫ్యాక్టర్ ఎంతో అడిగి, గ్యాప్ కవరేజ్ (బండి పూర్తిగా పోతే, ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ మనం ఇంకా కట్టాల్సినదానికీ మధ్య తేడా భరించేది) అందులో కలిసి ఉందో లేదో చూసుకోమన్నాను. డౌన్ పేమెంట్ మాత్రం పెట్టొద్దన్నాను, ఎందుకంటే మర్నాడే ప్రమాదంలో బండి పూర్తిగా పోతే ఆ డబ్బు సాధారణంగా వెనక్కి రాదు.