ఓపెన్ సోర్స్ మెంబర్‌షిప్ అని నెల్లూరులో 8,500 కట్టాను, మీరు కట్టకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు బీటెక్, ఎంసీఏ అయిపోయి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఇది ఒక్కసారి పూర్తిగా చదవండి. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే, ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్. అలాంటి ప్రాజెక్టుల్లో ఎవరైనా ఉచితంగా చేరగలిగిన దాన్ని నాకు 8,500 రూపాయలకు అమ్మారు. ఆ డబ్బు పోతే పోయింది, రేపు సంపాదించుకుంటాను. నా పేరు మీద ఇంటర్నెట్‌లో చెరపడానికి వీల్లేని మెయిల్స్ మిగిల్చారు. నా బాధంతా దాని గురించే.

రొట్టెల పండుగకి మేము కావలి నుంచి నెల్లూరు వెళ్ళాం. స్వర్ణాల చెరువులో దిగి మా అమ్మ నా కోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. తిరిగి వస్తుంటే దర్గా బయట ఒక అబ్బాయి చేతిలో కరపత్రం పెట్టాడు. ‘ఇంటర్నేషనల్ ఓపెన్ సోర్స్ కమ్యూనిటీలో మెంబర్‌షిప్, లినక్స్ కెర్నల్ టీమ్‌లో చోటు, సర్టిఫికెట్ గ్యారంటీ’ అని ఉంది. కెర్నల్ అంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం. అమ్మ దాన్ని మడిచి రొట్టెతో పాటు సంచిలో పెట్టుకుంది. దేవుడే దారి చూపించాడని ఆమె నమ్మకం.

మరుసటి వారం నాన్న, నేను ఆ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాం. అక్కడి సార్ చాలా మర్యాదగా మాట్లాడాడు. “చూడమ్మా, అమెరికా, జర్మనీ ఇంజినీర్లు కూర్చుని మాట్లాడుకునే గ్రూపు ఇది. బయటివాళ్ళని రానివ్వరు. మా ద్వారా అయితేనే ఎంట్రీ” అన్నాడు. రిజిస్ట్రేషన్‌కి 1,500, మెంబర్‌షిప్‌కి 7,000. నాన్న అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. ఆ సంవత్సరం గుంటకి వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి పంట సగం పోయింది. అయినా ఓనర్ దగ్గర అడ్వాన్స్ తీసుకుని కట్టాడు. “నీకు పనికొస్తుందంటే చాలమ్మా” అన్నాడు.

ఆ ‘గ్రూపు’ ఏమిటో నాకు తర్వాత తెలిసింది. దాన్ని మెయిలింగ్ లిస్ట్ అంటారు. ఒక ప్రాజెక్టుకి ఒక మెయిల్ చిరునామా ఉంటుంది. దానికి రాస్తే ఆ లిస్టులో చేరిన వాళ్ళందరికీ ఆ మెయిల్ వెళ్తుంది. లినక్స్ కెర్నల్, డెబియన్ (లినక్స్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) లాంటి పెద్ద ప్రాజెక్టుల పని చాలావరకు ఇలాంటి లిస్టుల మీదే నడుస్తుంది. ఇందులో రహస్యం ఏమీ లేదు. ఈ మూడింట్లో దేనిలో చేరడానికైనా ఒక్క పైసా కట్టక్కర్లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. డెబియన్ లిస్టులో చేరాలంటే లిస్టు పేరు పక్కన రిక్వెస్ట్ అని ఉన్న చిరునామాకి, సబ్జెక్టులో సబ్‌స్క్రైబ్ అనే ఒక్క మాట రాసి ఖాళీ మెయిల్ పంపాలి. కాసేపటికి “నిజంగా మీరేనా?” అని అడుగుతూ ఒక మెయిల్ వస్తుంది. దానికి రిప్లై కొడితే చేరిపోయినట్టే. ఆ తర్వాత నేనే మా ఇంట్లో కూర్చుని ఇంకో లిస్టులో ఇలాగే చేరాను. టీ చల్లారేలోపు అయిపోయింది. నేను 8,500 కట్టింది ఈ పనికే.

అసలు చేరకపోయినా ఫరవాలేదు. పాత ఉత్తరాలన్నీ ఆర్కైవ్‌లో, అంటే లిస్టు మెయిల్స్ దాచి ఉంచే వెబ్‌సైట్‌లో, అందరికీ తెరిచే ఉంటాయి. కెర్నల్ లిస్టులకి సభ్యత్వం లేకుండానే ఎవరైనా రాయవచ్చు. “బయటివాళ్ళని రానివ్వరు” అన్నది పచ్చి అబద్ధం.

ఇక నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను, మీరు మాత్రం చేయకండి. మొదటి రోజే మా బ్యాచ్ అందరి చేతా ఒక ఫారం నింపించారు. పేరు, కాలేజీ, జీమెయిల్ చిరునామా, దాని కింద పాస్‌వర్డ్. “రిజిస్ట్రేషన్ మేమే చేస్తాం కాబట్టి కావాలి” అన్నారు. అందరూ రాస్తున్నారని నేనూ రాసిచ్చాను. ఏ లిస్టులో చేరడానికీ మీ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వాల్సిన పని లేదు. కొన్ని పాత లిస్టులు చేరేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి. అది వేరే, ఆ లిస్టు వరకే. మీ జీమెయిల్ పాస్‌వర్డ్ అక్కడ కూడా పెట్టకూడదు.

వాళ్ళు మా మెయిల్స్‌లోకి వెళ్ళి మమ్మల్ని నాలుగైదు లిస్టుల్లో చేర్చేశారు. కన్ఫర్మేషన్లు కూడా వాళ్ళే నొక్కారు. తర్వాత ‘ప్రాక్టికల్’ అని ఒక ఇంగ్లీషు పేరా ఇచ్చి, ఎవరి ఫోన్ నుంచి వాళ్ళని కెర్నల్ లిస్టుకి పంపమన్నారు. “డియర్ సర్, నాకు కాంట్రిబ్యూట్ చేయాలని ఆసక్తిగా ఉంది, గైడ్ చేయండి” అని దాని సారాంశం. పంపిన నిమిషంలోనే నా మెయిల్ వెనక్కి వచ్చింది. పక్కన కూర్చున్న అమ్మాయిదీ వచ్చింది, వెనక వరసలో వాళ్ళవీ వచ్చాయి. సార్‌ని అడిగితే “సర్వర్ బిజీగా ఉందమ్మా, రేపు ట్రై చేద్దాం” అన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి వెనక్కి వచ్చిన మెయిల్‌ని పై నుంచి కింది దాకా నిదానంగా చదివాను. హెచ్‌టీఎమ్‌ఎల్ (రంగులు, ఫాంట్ల లాంటి హంగుల కోడ్) ఉన్న మెయిల్ తీసుకోము, ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే ఉత్త అక్షరాలతోనే పంపండి అని అందులోనే రాసి ఉంది. ఫోన్లో జీమెయిల్ యాప్ నుంచి పంపేవి హెచ్‌టీఎమ్‌ఎల్‌తోనే వెళ్తాయి. కెర్నల్ లిస్టులు వాటిని లోపలికి రానివ్వవు. వాళ్ళ డాక్యుమెంటేషన్ ఒక్కసారి చదివినా ఈ సంగతి తెలుస్తుంది. మాకు నేర్పించే మనిషికి తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మరుసటి వారం ఇంకో ప్రాజెక్టు లిస్టుకి, హెచ్‌టీఎమ్‌ఎల్‌ని కూడా తీసుకునే దానికి, అదే పేరాని మా అందరి పేర్లతో వాళ్ళే పంపేశారు. అదే ఉత్తరం ముప్పై సార్లు, ప్రతిసారీ కింద వేరే పేరు. ఒక పెద్దాయన ఓపికగా జవాబు రాశాడు. ఇలా పంపకండి, ఏ పని మీద ఆసక్తో చెప్పండి, ముందు ఆర్కైవ్ చదవండి అన్నాడు. ఈలోగా మెయిల్స్ వరద తట్టుకోలేక మా బ్యాచ్ అబ్బాయి ఒకడు “ప్లీజ్ అన్‌సబ్‌స్క్రైబ్ మీ” అని లిస్టు మొత్తానికీ పంపాడు. వాడిని చూసి ఇంకో ఎనిమిది మంది పంపారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో పని చేసుకుంటున్న వాళ్ళందరికీ అవి వెళ్ళాయి. ఈసారి వచ్చిన జవాబులు అంత ఓపికగా లేవు. వాళ్ళని తప్పు పట్టను.

నా పేరుతో వాళ్ళు పంపిన ఆ ఉత్తరం ఇప్పటికీ ఆ లిస్టు ఆర్కైవ్‌లో ఉంది. నా పూర్తి పేరు, నా మెయిల్ చిరునామా, తేదీ, టైముతో సహా. తీసేయమని రాస్తే కుదరదన్నారు. డెబియన్ వాళ్ళయితే ఈ మాట ముందే రాసి పెట్టారు, లిస్టుకి వచ్చిన ప్రతి ఉత్తరం బహిరంగం, తీసేయము అని. నా పేరు గూగుల్ చేస్తే మూడో ఫలితం ఆ మెయిలే. రేపు ఇంటర్వ్యూకి పిలిచే హెచ్‌ఆర్ చూసేది కూడా అదే. నేను రాయని ఉత్తరానికి నేను జవాబు చెప్పుకోవాలి.

ఇంకో నష్టం కూడా జరిగింది. కెర్నల్ ప్రధాన లిస్టుకి రోజుకి వందల మెయిల్స్ వస్తాయి. అవన్నీ నా ఇన్‌బాక్స్‌లో పడి, చెన్నై కంపెనీ ఒకటి పంపిన టెస్ట్ లింక్ ఎక్కడో అడుగుకి వెళ్ళిపోయింది. నేను చూసేసరికి గడువు దాటి రెండు రోజులైంది. నా టెన్షన్ చూసి అమ్మ ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

ఇప్పటికే ఇందులో ఇరుక్కున్న వాళ్ళు ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. తెలియని డివైజ్‌లు లాగిన్ అయి ఉంటే తీసేయండి. లిస్టు నుంచి బయటికి రావాలంటే లిస్టుకి రాయకండి. ప్రతి మెయిల్ హెడర్‌లో, అంటే మెయిల్‌తో పాటు వచ్చే సాంకేతిక వివరాల్లో, లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్ అని ఒక వరస ఉంటుంది, అందులో చెప్పినట్టు ఆ చిరునామాకి మెయిల్ పంపితే చాలు. ఉండాలనుకుంటే జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టి లిస్టు మెయిల్స్‌ని వేరే లేబుల్‌లోకి పంపుకోండి. కొన్ని లిస్టుల్లో డైజెస్ట్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే మెయిల్స్ అన్నీ కలిపి మూటగా వస్తాయి. ఇంకో చిన్న మాట. జీమెయిల్ నుంచి లిస్టుకి రాస్తే మీ ఉత్తరం మీ ఇన్‌బాక్స్‌కి తిరిగి రాదు. వెళ్ళలేదేమోనని మళ్ళీ మళ్ళీ పంపకండి, ఆర్కైవ్‌లో చూసుకోండి.

సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. నాకు బంగారు రంగు అంచు ఉన్న కాగితం ఒకటి ఇచ్చారు, ‘కమ్యూనిటీ మెంబర్’ అని. లిస్టులో చేరినందుకు ఏ ప్రాజెక్టూ సర్టిఫికెట్ ఇవ్వదు. అది ఆ ఇన్‌స్టిట్యూట్ ప్రింట్ చేయించుకున్న కాగితం. నిజంగా పేరొచ్చే దారులు వేరే ఉన్నాయి. కొత్తవాళ్ళు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమం 2005 నుంచి నడుస్తోంది. అలాంటిదే ఔట్‌రీచీ ఇంటర్న్‌షిప్, అందులో ఎంపికైన వాళ్ళకి 7,000 డాలర్లు ఇస్తారు. రెండింట్లోనూ మన దగ్గర ఫీజు తీసుకోరు, వాళ్ళే మనకి ఇస్తారు. ఓపెన్ సోర్స్‌లో చేర్చడానికి డబ్బు అడిగారంటే అక్కడే లేచి వచ్చేయండి.

డబ్బు వెనక్కి ఇమ్మని మూడుసార్లు తిరిగాను. మూడోసారి నాన్న కూడా వచ్చాడు. ఆ సార్ నాన్నని నిలబెట్టే మాట్లాడాడు, కూర్చోమని కూడా అనలేదు. ఆ రోజే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. రసీదు, కరపత్రం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉన్నాయి కాబట్టి పని జరిగింది. పది రోజులకి 4,000 వెనక్కి వేశారు. మిగతా దానికి నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. మీ దగ్గర రసీదు ఉంటే పారేయకండి. ఇవ్వకపోతే ఇప్పుడే అడిగి తీసుకోండి.

మొన్న మాగుంట లేఅవుట్‌లో మళ్ళీ అదే కరపత్రం గోడకి అతికించి కనిపించింది. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్ అట, ఫీజు ఇప్పుడు 9,500. మీ ఇంట్లో ఎవరైనా ఆ నంబర్‌కి ఫోన్ చేసి ఉంటే ఈ పోస్టు వాళ్ళకి ఈ రోజే చూపించండి.