రియో గ్రాండే ఒడ్డున నెలనెలా కొలతలు తీసే మనుషులు: ఆల్బకర్కీ బోస్కే పర్యవేక్షణ కార్యక్రమంపై సమీక్ష

న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ నగరం మధ్యగా పారే రియో గ్రాండే నదికి రెండు వైపులా కాటన్‌వుడ్ చెట్ల అడవి ఉంది. స్పానిష్ భాషలో అడవిని బోస్కే అంటారు కనుక ఇక్కడివాళ్ళందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ అడవి ఆరోగ్యాన్ని బడిపిల్లల చేత నెలనెలా కొలిపించే బోస్కే ఎకోసిస్టమ్ మానిటరింగ్ ప్రోగ్రామ్‌ను, స్థానికులు పొట్టిగా బెంప్ అనేదాన్ని, ఒక విద్యా సంవత్సరమంతా దగ్గరగా చూసే అవకాశం నాకు దొరికింది. మా అమ్మాయి తరగతితో పాటు సహాయానికి వెళ్ళిన తల్లిదండ్రుల్లో నేనొకణ్ణి. ఈ నగరంలోనూ పక్కనున్న రియో రాంచోలోనూ ఉంటున్న తెలుగు కుటుంబాలు పిల్లల కోసం గణితం, కోడింగ్ తరగతులను ఎంతో శ్రద్ధగా వెతుకుతాయి. వారి దృష్టికి ఈ కార్యక్రమం కూడా రావాలన్న కోరికతో ఇది రాస్తున్నాను. నక్షత్రాలు ఇవ్వమంటే సందేహం లేకుండా ఐదింటికి ఐదూ ఇస్తాను, అందులో నాలుగు దీన్ని నడిపే మనుషులకే చెందుతాయి.

దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన క్లిఫర్డ్ క్రాఫర్డ్. ఎడారి నేలల్లో బతికే పురుగుల మీద, అకశేరుకాల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త ఆయన. 1993లో వివిధ ప్రభుత్వ సంస్థల నిపుణులతో కలిసి ఈ నదీతీర అడవిని ఎలా కాపాడాలో చెప్పే ప్రణాళికను తయారుచేసిన బృందానికి ఆయనే నాయకత్వం వహించారు. అడవిలో ఏం మారుతోందో ఏళ్ళ తరబడి ఒకే పద్ధతిలో కొలిచి చూడకపోతే ఎంత గొప్ప ప్రణాళిక అయినా కాగితం మీదే ఉండిపోతుంది. అయితే అంతమంది కొలిచేవాళ్ళను జీతాలిచ్చి పెట్టుకునే స్తోమత ఏ సంస్థకూ ఉండదు. 1996లో మొదలైన ఈ కార్యక్రమం ఆ చిక్కుముడిని బడిపిల్లల సాయంతో విప్పింది. విశ్వవిద్యాలయమూ, నది పక్కనే ఉన్న బోస్కే స్కూల్ అనే పాఠశాలా చేతులు కలిపాయి. పాఠశాల తరఫున ఉపాధ్యాయుడు డాన్ షా, విశ్వవిద్యాలయం తరఫున వృక్షశాస్త్రజ్ఞురాలు కిమ్ ఐకోర్స్ట్ ఏళ్ళ తరబడి దీని బాధ్యతను మోశారు. క్రాఫర్డ్ ఇప్పుడు లేరు. అయినా ఆయన పట్టుబట్టిన క్రమశిక్షణ నేను చూసిన ప్రతి పనిలోనూ కనిపించింది.

అడవికి వచ్చిన కష్టమేమిటో తెలిస్తే గాని వీరి పని విలువ అర్థం కాదు. కాటన్‌వుడ్ గింజలు జిల్లేడు కాయ పగిలినప్పుడు ఎగిరే దూదిలా వేసవి మొదట్లో గాలికి ఎగురుతాయి. వాటిలో మొలకెత్తే శక్తి కొన్ని వారాలకు మించి నిలవదు. కొలరాడో కొండల్లో మంచు కరిగి నదికి వరద వచ్చి, ఆ వరద తీసి కొత్త ఒండ్రును బయటపెట్టే సమయమూ, గింజలు ఎగిరే సమయమూ ఒకటే కావడం వల్ల వేల ఏళ్ళుగా ఈ అడవి తనను తాను తిరిగి నాటుకుంటూ వచ్చింది. ఎర్రనీరు వస్తేనే గోదావరిలో పులస ఎదురీదుతుందని తెలిసిన మనకు, వరద మీద ఆధారపడి బతికే ప్రాణుల సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దంలో నదికి గట్లు కట్టారు, ఒడ్డులు కోసుకుపోకుండా ఇనుప కడ్డీల చట్రాలు వరుసలుగా పాతారు, 1970లలో ఎగువన కోచిటి ఆనకట్ట కట్టారు. ఇక నది గట్టు దాటి అడవిలోకి రావడం చాలావరకు ఆగిపోయింది. ఇప్పుడు మనం చూసే పెద్ద చెట్లలో ఎక్కువ భాగం 1940ల వరదలకు, ఆ దగ్గరి సంవత్సరాలకు మొలిచినవే. అవి ముసలివవుతున్నాయి, వాటి కింద పిల్ల చెట్లు లేవు. వాటి చోటును టామరిస్క్, రష్యన్ ఆలివ్ వంటి బయటి జాతులు ఆక్రమిస్తున్నాయి.

ఇక పిల్లలు చేసే పని సంగతి. ఉత్తరాన ఓకే ఒవింగే అనే ప్యూబ్లో, అంటే ఆదివాసీల ఊరు, నుంచి దక్షిణంగా నది పొడవునా 30కి పైగా పరిశీలన స్థలాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 100 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు ఉంటుంది. ప్రతి స్థలంలోనూ భూగర్భజలం కొలిచే 5 బావులు, రాలిన ఆకులను పట్టే 10 తొట్లు, 2 వర్షమాపకాలు ఉంటాయి. బావి అంటే మన భూగర్భజల శాఖ మండలాల్లో పెట్టే పీజోమీటర్ లాంటి సన్నని గొట్టమే. పిల్లలు అందులోకి టేపు దించుతారు. నీరు తగలగానే పరికరం మోగుతుంది, అక్కడి అంకె చదువుతారు. గొట్టం నేల మీదికి ఎంత ఎత్తుగా ఉందో దానిలోంచి తీసివేస్తేనే నేల నుంచి నీటికి ఉన్న అసలు లోతు తెలుస్తుంది. ఆ తీసివేత బడిలో వంద సార్లు చేసినా రాని అర్థం అక్కడ ఒక్కసారి చేస్తే వస్తుంది. వర్షమాపకాల్లో ఒకటి చెట్ల నీడలోనూ ఒకటి ఆరుబయటా ఉంటాయి. ఒకే వానకు రెండింటిలోనూ వేర్వేరు అంకెలు రావడం చూసి మా అమ్మాయి తప్పు చేశాననుకుంది. కొంత వానను ఆకులే పట్టుకుని ఆవిరి చేసేస్తాయని తెలిసినప్పుడు దాని ముఖంలో కనిపించిన ఆశ్చర్యం నాకింకా గుర్తుంది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఒక చిన్న సంఘటన. మూడో బావి దగ్గర మా బృందంలోని పిల్లలు రాసిన అంకె గత నెల అంకెకు చాలా దూరంగా ఉంది. వారితో ఉన్న విద్యార్థి సహాయకురాలు, విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి, ఆ అంకెను కొట్టివేయలేదు, తాను దిద్దలేదు, పిల్లలను తప్పుపట్టనూ లేదు. మళ్ళీ టేపు దించమంది, ఈసారి ఇంకొకరిని చదవమంది, రెండు అంకెలనూ రాయించింది. మొదటిసారి సెంటీమీటర్ల గీతలను తలకిందులుగా చదివారని తేలింది. తర్వాత ఆమె చెప్పినదాని సారాంశం ఇది: ఈ కాగితం మీది అంకెలను నది గురించి నిర్ణయాలు తీసుకునే ఇంజినీర్లు, అధికారులు చదువుతారు, కాబట్టి కొలిచింది పదకొండేళ్ళ పిల్లలైనా కొలత మాత్రం కొలతే. పిల్లల పని అని కొలతకు రాయితీ ఇవ్వకపోవడం, ఆ రాయితీ ఇవ్వకుండానే పిల్లల మనసు నొప్పించకపోవడం చాలా అరుదైన నేర్పు. ఇలాంటి సహాయకులను తయారుచేయడానికి ఈ కార్యక్రమం పెద్దలు ఎంత సమయం వెచ్చిస్తారో అక్కడ ఒక పూట గడిపితేనే తెలుస్తుంది.

ఆకుల పని ఇంకా ఓపికతో కూడినది. తొట్లలో పడినదంతా సంచుల్లో తెచ్చి, ఎండబెట్టి, ఏ చెట్టు ఆకులు ఆ చెట్టువిగా, పుల్లలు వేరుగా, పూత, గింజలు వేరుగా విడదీసి తూకం వేస్తారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక బల్ల చుట్టూ కూర్చుని చేసే ఈ పని చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. కాటన్‌వుడ్ ఎంత ఆకు రాల్చిందన్నది ఆ చెట్టు ఆరోగ్యానికి గుర్తు. అడుగున పేరుకున్న ఆకూ పుల్లా మంటలకు ఇంధనం. వరద ముంచిన చోట ఆ చెత్త త్వరగా కుళ్ళి నేలలో కలుస్తుందనీ, నీరు రాని చోట ఏళ్ళ తరబడి పేరుకుంటూనే ఉంటుందనీ క్రాఫర్డ్, ఆయన సహచరులు 1990ల మొదట్లో బోస్కే డెల్ అపాచే వన్యప్రాణి ఆశ్రయంలో కావాలని నీరు పారించి చేసిన ప్రయోగాల్లో చూశారు. 2003 జూన్‌లో ఆల్బకర్కీ నడిబొడ్డున ఈ అడవి తగలబడినప్పుడు ఆ ఇంధనం సంగతి నగరానికంతటికీ తెలిసివచ్చింది.

నేలలో పాతిన గిన్నెల్లో పడే పురుగులను ఏడాదిలో కొన్నిసార్లు లెక్కిస్తారు. ముట్టుకుంటే రోకలిబండ పురుగులా చుట్టుకునే, రొయ్యల బంధువులైన చిన్న ప్రాణులు వాటిలో కుప్పలుగా దొరుకుతాయి. అవి యూరప్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవని తెలిసి పిల్లలు నమ్మలేకపోయారు.

ఇన్నేళ్ళ కొలతలు ఎందుకు అవసరమో 2022 జులైలో నగరమంతా చూసింది. ఆల్బకర్కీలో రియో గ్రాండే దాదాపు 40 ఏళ్ళలో మొదటిసారి ఎండిపోయి, ఇసుక మీద మనుషులు నడిచారు. నదిలో నీళ్ళు లేకపోవడం అందరికీ కనిపించింది. నేల కింద నీరు ఎంత దిగిందో, కాటన్‌వుడ్ వేళ్ళకు అది అందుతోందో లేదో కంటికి కనిపించదు. ఎండకముందు ఎలా ఉందో ఏళ్ళుగా రాసిపెట్టినవాళ్ళు మాత్రమే దాన్ని పోల్చి చెప్పగలరు. ఈ అంకెలు నగర ఓపెన్ స్పేస్ విభాగానికీ, అమెరికా ఆర్మీ ఇంజినీర్ల విభాగానికీ ఉపయోగపడుతున్నాయి.

లోటు లేదని చెప్పడం నిజాయితీ కాదు. తరగతి ఒక్కసారి మాత్రమే వెళ్ళివస్తే పిల్లలకు దక్కేది ఒక మంచి విహారయాత్రే. ఈ పనిలోని సారమంతా అదే బావి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడంలో ఉంది. కాబట్టి ఏడాది పొడవునా వెళ్ళేలా ఏర్పాటు చేయమని మీ పిల్లల ఉపాధ్యాయులను అడగండి. విద్యార్థి సహాయకులు చదువు పూర్తికాగానే వెళ్ళిపోతారు, అది సహజమే అయినా వారికి అలవాటుపడిన పిల్లలకు కష్టంగా ఉంటుంది. పైగా ఇటువంటి పనులన్నీ గ్రాంట్ల మీద నడుస్తాయి గనుక, పిల్లలతో గడపాల్సిన మనుషులు కొంత కాలాన్ని దరఖాస్తులు రాయడానికి ధారపోయక తప్పదు. ఇలాంటి పనికి స్థిరమైన నిధి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. నెలకు ఒకసారి తీయాల్సిన కొలత ఒక్క నెల తప్పినా ఆ ఖాళీని తర్వాత ఎవరూ పూరించలేరు.

వెళ్ళేవారికి కొన్ని సూచనలు. కాళ్ళు పూర్తిగా కప్పే బూట్లు వేయించండి, ముళ్ళపొదలు ఎక్కువ. జనవరి చలిలోనూ కొలతలు ఆగవు, ఉదయం నది పక్కన చలి బాగా కొరుకుతుంది. నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి, అడవిలో కుళాయిలుండవు. పిల్లల చేతిలోంచి టేపు లాక్కుని మీరే చదివే ప్రయత్నం చేయకండి, మొదటి రోజు నేను చేయబోయి మర్యాదగా వారింపబడ్డాను, అది సరైనదే. వీలైతే ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. మే నెలలో కొండల మంచు కరిగిన నీరు నదిలోకి చేరగానే బావుల్లో మట్టం ఎలా పైకి వస్తుందో, ఎండలు ముదిరి కాలువలకు నీళ్ళు మళ్ళించాక అదే బావిలో అది ఎంత లోతుకు దిగుతుందో పిల్లలు తాము రాసిన అంకెల్లోనే చూసుకుంటారు.