భోపాల్ మానవ్ సంగ్రహాలయలో సవరల అరుగు

ముందుగా ఒక్క మాట. సోమవారం వెళ్ళకండి, సెలవు. మేం వెళ్ళాం. ముందురోజు రాత్రి లాడ్జిలో కుర్రాణ్ణి అడిగితే "రోజూ తెరిచే ఉంటుంది మాతాజీ" అన్నాడు. తీరా శ్యామలా హిల్స్ ఎక్కితే గేటు మూసి ఉంది. ఆటో అతను రానూపోనూ కిరాయి ఎందుకు మాట్లాడాడో అప్పుడర్థమైంది.

పూర్తి పేరు ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ్ సంగ్రహాలయ. అంత చెప్పక్కర్లేదు, 'మానవ్ సంగ్రహాలయ్' అంటే ఎవరైనా తీసుకెళ్తారు. 1977లో ఢిల్లీలో పుట్టి, 1979లో భోపాల్‌కి మారింది. సుమారు 200 ఎకరాల కొండవాలు, కింద బడా తాలాబ్ నీళ్ళు మెరుస్తూ ఉంటాయి. అద్దాల బీరువాల్లో పూసల దండలు, బాణాలు ఊహించుకుని వెళ్తే పొరపాటు. అవి లోపలి భవనం వీథీ సంకుల్‌లో బోలెడు ఉన్నాయి గానీ, ఇక్కడ అసలు చూడాల్సింది బయటే: ఇళ్ళు. ఏ తెగ ఇల్లు ఆ తెగవాళ్ళే వచ్చి తమ చేతుల్తో కట్టినవి. మా మనవడికి తొమ్మిదేళ్ళు, వాడి కాళ్ళకి ఈ కొండ ఒక లెక్క కాదు. నా మోకాళ్ళకి మాత్రం రెండు పూటలు పట్టింది. పొద్దున్నే మొదలుపెట్టండి, నీళ్ళసీసా, పాత చెప్పులు మర్చిపోకండి.

మేమెవరమో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఉత్తరాంధ్రలో సీతంపేట కొండల్లో పదకొండేళ్ళు టీచరుగా చేశాను. మావారు అదే ఏరియాలో వర్క్ ఇన్‌స్పెక్టర్. నేను అక్కడి సవర గిరిజనుల పిల్లలకి అ ఆలు నేర్పుతుంటే ఆయన వాళ్ళ తల్లిదండ్రులకి పక్కా ఇళ్ళు కట్టించేవారు. అందుకే ఇద్దరం ఒకే ఇంటి ముందు నిలబడినా వేర్వేరు చూస్తాం. నేను గోడమీద బొమ్మలు చూస్తే ఆయన దూలం కింద దూరి కట్లు చూస్తారు.

నీలగిరి కొండల తెగ తోడాల ఇల్లు దగ్గర ఆయన్ని కదిలించడం నావల్ల కాలేదు. పీపాని నిలువునా చీల్చి బోర్లించినట్టుంటుంది. గుమ్మం ఎంత చిన్నదంటే నీలగిరి చలిగాలి కూడా వంగి రావాల్సిందే. మనవడు సునాయాసంగా దూరాడు, ఆయన మోకాళ్ళ మీద పాకారు, నేను బయటే ఉండి ఇద్దరి చెప్పులకీ కాపలా కాశాను. "వెదురుని బెత్తంతో కట్టాల్సిన తీరు ఇదీ" అంటూ దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చారు. గుజరాత్ తెగ రాథ్వాల ఇంట్లో ఒక గోడ నిండా పిథోరా దేవుడి పేర వేసిన గుర్రాల బొమ్మలు. అది అలంకారం కాదు, మొక్కు తీర్చుకోవడం. బొమ్మ వేయించడమే పూజ. హిమాలయ గ్రామం, ఎడారి గ్రామం కాస్త వేగంగానే దాటాం. ఇంకో చోట రాతిగూళ్ళలో పాతకాలపు మనుషులు గీసిన బొమ్మలున్నాయి. అవి ఎక్కడినుంచో తెచ్చిపెట్టినవి కావు, ఆ కొండవే. ఇలాంటి రాతిబొమ్మలకే పేరుపడ్డ భీమ్‌బేట్కా గుహల దాకా వెళ్ళే ఓపిక లేనివాళ్ళు ఇవైనా చూడండి.

ఇలా ఆరుబయట ఇళ్ళు కట్టి చూపించేవాటిని 'జీవించే మ్యూజియం' అంటారు, ఆ మాట మీద నాకో పేచీ ఉంది. అది ఈ ఒక్కచోటి తప్పు కాదు, ప్రపంచంలో ఇలాంటివన్నిటిదీ. పూరింట్లో రోజూ పొయ్యి వెలగాలి. ఆ పొగ వాసాలకి పట్టి, కప్పులో గడ్డికి నెమ్మూ పురుగూ చేరనివ్వదు. మనుషులు కాపురం ఉన్నన్నాళ్ళూ కప్పు నిలుస్తుంది, పొయ్యి ఆరితే కుళ్ళడం మొదలు. మ్యూజియం ఇంట్లో ఎవరు వండుకుంటారు? అందుకే కట్టినవాళ్ళని మళ్ళీ మళ్ళీ పిలిచి కప్పు మార్పించుకోవాలి, గోడలు అలికించుకోవాలి. నాకైతే ఆ పిలుపే జీవం. మేం వెళ్ళిన రోజు ఒక ఇంటికి ఇద్దరు ఆడవాళ్ళు మట్టి పూస్తున్నారు. పక్కన రేడియోలో పాత హిందీ పాటలు. నేనక్కడ అరగంట కూర్చున్నాను. వాళ్ళ భాష నాకు రాదు, నా హిందీ వాళ్ళకి నవ్వొచ్చింది.

దగ్గర్లోనే రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ గిరిజన మ్యూజియం ఉంది, 2013లో తెరిచారు. అది కళ్ళు చెదిరేలా ఉంటుంది, ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళకి అదే నచ్చుతుంది. మా పిల్లాడి ఓటూ దానికే. నా ఓటు దీనికి.

ఇక అసలు విషయం. సవరల ఇంటి ముందు బోర్డు మీద హిందీలో 'సావొరా' అని ఉంటే మనవడు కూడబలుక్కుని చదివాడు. "సావొరా కాదురా, సవర" అని దిద్దాను. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉండి ఈ భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారని చెప్పబోతే అప్పటికే పరిగెత్తాడు. మన వైపు కొండల్లోని మరో తెగ జాతాపుల ఇల్లు కూడా ఉంది, వెతకండి. భోపాల్లో మన కొండవాళ్ళ ఇల్లు కనిపిస్తే, పరాయి ఊరి సంతలో మన ఊరి పసుపు కనబడినట్టుంటుంది.

సవర ఇంటి చూరు కిందికి వాలి ఉంటుంది, ఎంతటివాడైనా వంగాలి. ఆ చూరు నీడలో ఎత్తరుగు. మా సీతంపేట వైపు ఊళ్ళలో వీధంతా ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, అరుగులన్నీ ఒకే వరసలో కలిసిపోయి ఉండేవి. కొండచీపుర్లు కట్టుకున్నా, చింతపండు గింజ తీసినా, తగవు తీర్చుకున్నా అక్కడే. హోంవర్కు చెయ్యని పిల్లాణ్ణి నేను పట్టుకున్నదీ అక్కడే.

మావారు అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. కాళ్ళ నొప్పేమో అనుకున్నాను.

"ఎన్నిళ్ళు కట్టించానో గుర్తుందా?" అన్నారు.

"మీకే గుర్తుండాలి."

"ఒక గది, వంటిల్లు, పైన శ్లాబు. కొలతలన్నీ ఇప్పటికీ నోటికొచ్చు." అరచేత్తో అరుగు నిమిరారు. "ఒక్క ఎస్టిమేట్‌లోనూ దీనికి పైసా రాయలేదే."

మనవడు కెమెరా చూపించి నవ్వమన్నాడు. ఆయన టేపు ఉందా అని నన్నడిగారు, అరుగు ఎత్తు కొలవడానికి. రిటైరై ఏడేళ్ళయింది, నా సంచిలో టేపెందుకుంటుంది? జేనతో కొలిచి, వెనక్కి తిప్పిన టికెట్టు మీద రాసుకున్నారు.