హెచ్‌బీఏ1సీ: ఏ పద్ధతిలో చేయిస్తే మేలు?

మూడు నెలల షుగర్ టెస్టు, అంటే హెచ్‌బీఏ1సీ, రెండు ల్యాబుల్లో చేయించి, ఒకచోట 6.4, ఇంకోచోట 6.9 వచ్చిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ల్యాబు వాళ్లను తిట్టుకునే ముందు, రిపోర్టులో అంకె పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఉండే 'మెథడ్' చూడండి.

ఎర్ర రక్తకణంలో హిమోగ్లోబిన్ బీటా గొలుసు కొసకు గ్లూకోజ్ అంటుకుంటే, ఆ కణం బతికే సుమారు 120 రోజులూ వదలదు. అలా చక్కెర అంటిన హిమోగ్లోబినే ఏ1సీ. అన్ని పద్ధతులూ వెతికేది దాన్నే, పట్టుకునే తీరు మాత్రం వేరు.

ఇమ్యునో పద్ధతిలో చక్కెర అంటిన ఆ కొసను యాంటీబాడీ పట్టుకుంటుంది. మామూలు బయోకెమిస్ట్రీ మెషీన్ మీదే అయిపోతుంది కాబట్టి చిన్న ల్యాబులకు వీలు. కానీ చేతికొచ్చేది ఒట్టి అంకె. ఆ రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఉందో అది చెప్పదు.

హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతి అయితే గ్రాఫ్ ఇస్తుంది. నా ఓటు దీనికే. కాలమ్ అనే సన్నని గొట్టం గుండా వెళ్లే హిమోగ్లోబిన్ రకాలు విద్యుదావేశాన్ని బట్టి విడిపోయి, ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. ముందు చిన్న చిన్న గుట్టలు, వాటిలో ఒకటి ఏ1సీ, ఆ తర్వాత తాటిచెట్టంత ఏ0, అంటే చక్కెర అంటని మామూలు హిమోగ్లోబిన్. దాని వెనక ఇంకో పెద్ద శిఖరం లేచిందంటే ఆగి చూడాలి. అది సికిల్ సెల్ జబ్బుకు కారణమయ్యే హిమోగ్లోబిన్ 'ఎస్' కావచ్చు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఈ లక్షణం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. షుగర్ కోసం పంపిన శాంపిల్‌లోనే అది మొదటిసారి బయటపడుతుంటుంది. అయితే కొన్ని హిమోగ్లోబిన్ రకాలు ఏ1సీ శిఖరంతో కలిసిపోయి ఈ అంకెనూ తప్పుదోవ పట్టిస్తాయి. గ్రాఫ్ చూడకుండా అంకె ఒక్కటే టైపు చేసి ఇచ్చే ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అలా అనుమానం వచ్చినప్పుడు పనికొచ్చేది బోరోనేట్ పద్ధతి. ఇది అంటుకున్న చక్కెరనే పట్టుకుంటుంది కాబట్టి, హిమోగ్లోబిన్ ఏ రకమైనా పెద్దగా తేడా పడదు. కాకపోతే ఆ రకమేదో చెప్పలేదు.

రక్తకణాల ఆయుష్షే మారితే మాత్రం మూడూ దారి తప్పుతాయి. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నా, కణాలు త్వరగా పగిలిపోతున్నా అంకెను నమ్మలేం. కణాలు పగిలిపోతుంటే అది తక్కువగా వస్తుంది. ఐరన్ లోపంలో ఎక్కువ చూపే వీలుంది. అప్పుడు రక్తంలోని ప్రోటీన్లకు, ముఖ్యంగా ఆల్బుమిన్‌కు అంటిన చక్కెరను కొలిచే ఫ్రక్టోసమైన్ టెస్టు మేలు. అది రెండు మూడు వారాల సంగతే చెబుతుంది, పైగా మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుంటే దాన్నీ నమ్మకూడదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ సికిల్ జన్యువు వచ్చినవాళ్లకు మామూలు రకమైన హిమోగ్లోబిన్ 'ఏ' అసలు ఉండదు. వాళ్లకు ఏ1సీ టెస్టు రాయడమే పొరపాటు.