కుంటి బాతు, పంది పీపా, ఒక రాష్ట్ర కార్యదర్శి

180 రూపాయల స్పైరల్ నోట్సు గురించి ఇంత రాయాలా అని మా తమ్ముడు నవ్వుతున్నాడు. నేను దూరవిద్యలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చేస్తున్నాను, అమెరికా ప్రభుత్వం మీద ఒక యూనిట్ మొత్తం ఉంది, తెలుగులో చదువుకుందామని అనంతపురం అంతా తిరిగితే టవర్ క్లాక్ వైపు ఒక జిరాక్స్ షాపులో ఇదొక్కటి దొరికింది. నాలాగే వెళ్లి అడిగేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నా.

అట్ట మీద "అమెరికా ప్రభుత్వం, రాజకీయాలు: ముఖ్య భావనలు, పదాలు" అని పెద్దక్షరాల్లో, దాని కింద "లేటెస్ట్ ఎడిషన్" అని ఎర్రక్షరాల్లో ఉంటుంది. రాసినాయన పేరు ఎక్కడా లేదు. 160 పేజీలు, పల్చటి పేపరు, హైలైటర్ గీస్తే అవతలికి దిగిపోతుంది. నా కాపీలో 41 నుంచి 44 దాకా పేజీలు రెండుసార్లు వచ్చాయి, 45 నుంచి 48 దాకా అసలు లేవు. 49వ పేజీ "మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు తగ్గినందున బతికిపోయాడు" అని మొదలవుతుంది. ఎవరు బతికిపోయారో తెలియక రెండు రోజులు కొట్టుకున్నాను.

ముందు బాగున్నది చెప్తాను. ఎలక్టోరల్ కాలేజీ (అధ్యక్షుణ్ణి జనం ఓట్ల మొత్తంతో కాకుండా రాష్ట్రాలవారీగా పంచిన ఓట్లతో ఎన్నుకునే పద్ధతి) చాప్టర్ ఒక్కటే డబ్బులకు సరిపోతుంది. మొత్తం 538 ఓట్లు ఎలా వచ్చాయో చక్కగా విడగొట్టాడు: ప్రతినిధుల సభ 435, సెనేట్ 100, రాజధాని వాషింగ్టన్‌కి 3 (ఆ మూడూ 1961లో 23వ సవరణతో వచ్చినవి), గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్లకే పోతాయి. ఈ ముక్క బుర్రకెక్కితే 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ట్రంప్ ఎలా గెలిచాడో అర్థమైపోతుంది. 2000లో బుష్ ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో 25 ఎలక్టోరల్ ఓట్లు పట్టుకుపోయి అధ్యక్షుడయ్యాడు. 537 అంటే మా మండలంలో సర్పంచ్ ఎన్నికల మెజారిటీ అంత! ఈ చాప్టర్ రాసినాయన, మిగతావి రాసినాయన ఒకరు కాదని నా అనుమానం.

ఎందుకంటే మిగతా చోట్ల డిక్షనరీ పక్కన పెట్టుకుని మాటకి మాట దింపేశారు. లేమ్ డక్ అనే మాటకి "కుంటి బాతు అధ్యక్షుడు" అని రాసి, అర్థం "బలహీనమైన అధ్యక్షుడు" అని ఒక్క ముక్కతో వదిలేశారు. అది కాదు కదా. నవంబర్‌లో ఎన్నిక అయిపోయి కొత్తాయన వచ్చేలోపు కుర్చీలో ఉండే పాతాయనని ఎక్కువగా అలా అంటారు, మాట ఎవరూ వినరు కాబట్టి. ఒకప్పుడు ఈ మధ్యకాలం మార్చి 4 దాకా ఉండేది. లింకన్ 1860 నవంబర్‌లో గెలిచి, 1861 మార్చిలో ప్రమాణం చేసేలోపు ఏడు రాష్ట్రాలు విడిపోతున్నామని ప్రకటించేశాయి, కుర్చీలో ఉన్న బుకానన్ చూస్తూ కూర్చున్నాడు. 1933లో 20వ సవరణతో ప్రమాణం తేదీని జనవరి 20కి జరిపారు. ఇవేవీ నోట్సులో లేవు, బాతు మాత్రం ఉంది. పోర్క్ బ్యారెల్‌కి "పంది పీపా" అని పెట్టి "మాంసం రైతులకు ఇచ్చే సబ్సిడీ" అని రాయడం మరీ దారుణం. సభ్యుడు తన నియోజకవర్గం ఓటర్లని మెప్పించడానికి కేంద్రం డబ్బుతో వంతెనలో రోడ్లో పట్టుకొచ్చుకోవడాన్ని వాళ్లు వెటకారంగా అనే మాట అది. మన దగ్గరైతే అదే పని చేసినాయనకి ఫ్లెక్సీ కడతాం.

బాతు, పీపా చూస్తే ఎవరైనా ఆగి అనుమానపడతారు, కాబట్టి వాటితో పెద్ద ప్రమాదం లేదు. మనకి ముందే తెలిసిన మాటలు ఉన్నాయే, అవీ నిజంగా ముంచేవి. జిల్లా గ్రంథాలయంలో నా పక్కన గ్రూప్-2కి చదివే పిల్లాడు ఈ నోట్సు తీసుకుని చూసి "అక్కా, కాంగ్రెస్ ఒప్పుకోకపోతే అధ్యక్షుడు ఖర్చు పెట్టలేడంట, ప్రతిపక్షానికి అంత పవరా?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు. అక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, రెండు సభలూ కలిపిన పార్లమెంటు అని 160 పేజీల్లో ఒక్క చోట కూడా చెప్పలేదు. గవర్నర్ సంగతీ అంతే. ఇక్కడ రాష్ట్రపతి నియమిస్తే వచ్చేవాడు, అక్కడ జనం ఓట్లేసి ఎన్నుకునే మనిషి, పనిలో చూస్తే మన ముఖ్యమంత్రికి దగ్గర. ఆ తేడా చెప్పకుండా టెక్సాస్ గవర్నర్ అధికారాలు చదివితే ఏం ఎక్కుతుంది?

అన్నిటికంటే పెద్ద కంగాళీ సెక్రటరీ ఆఫ్ స్టేట్. నోట్సు ప్రకారం థామస్ జెఫర్సన్ అమెరికా "తొలి రాష్ట్ర కార్యదర్శి". మన ఊళ్లలో రాష్ట్ర కార్యదర్శి అంటే కమ్యూనిస్టు పార్టీ ఆఫీసులో ఉంటాడు! జెఫర్సన్ చేసింది విదేశాంగ మంత్రి పని. అక్కడ మంత్రుల్ని సెక్రటరీ అంటారు, ఇక్కడ సెక్రటరీ అంటే మంత్రి కింద పనిచేసే ఐఏఎస్. పైగా అక్కడ చాలా రాష్ట్రాల్లో కూడా అదే పేరుతో ఇంకో పదవి ఉంటుంది, చాలా చోట్ల ఎన్నికల నిర్వహణ చూసేది వాళ్లే, కాబట్టి ఈ అనువాదంతో రెండూ కలిసిపోయాయి. ముఖ్యమైన పాయింట్ ఇంకోటి జారిపోయింది: మన దగ్గర మంత్రి కావాలంటే సభలో సభ్యత్వం ఉండాలి, లేకపోతే ఆరు నెలల్లో తెచ్చుకోవాలి, అక్కడ సభ్యత్వం ఉంటే మంత్రి కాలేరు. 2009లో హిల్లరీ క్లింటన్, 2025లో మార్కో రూబియో సెనేట్‌కి రాజీనామా చేసి ఆ పదవిలోకి వెళ్లింది అందుకే. అధికార పృథక్కరణ (చట్టాలు చేసేవాళ్లు, పాలించేవాళ్లు వేరువేరుగా ఉండాలనడం) అని నాలుగు పేజీల సిద్ధాంతం రాసే బదులు ఈ ఒక్క ఉదాహరణ రాసి ఉంటే సరిపోయేది.

పాకెట్ వీటో పర్వాలేదు. బిల్లు వచ్చాక అధ్యక్షుడు ఆదివారాలు తీసేసి పది రోజుల్లో సంతకం పెట్టకపోతే, సభ నడుస్తుంటే అది చట్టమైపోతుంది, సభ వాయిదా పడి ఉంటే చచ్చిపోతుంది. పక్కనే 1986లో మన రాష్ట్రపతి జైల్ సింగ్ తొక్కిపెట్టిన తపాలా బిల్లు ఉదాహరణ ఇచ్చాడు, బాగుంది, కానీ మన రాష్ట్రపతికి గడువే లేదని, తేడా అంతా అక్కడే ఉందని రాయలేదు. ఫిలిబస్టర్ (బిల్లు ఓటింగ్‌కి రాకుండా మాట్లాడుతూనే ఉండి అడ్డుకోవడం) రెండు సభల్లోనూ ఉంటుందని ఉంది, తప్పు, అది సెనేట్ వ్యవహారం. మాటలు ఆపించాలంటే 60 ఓట్లు కావాలి. 1957లో సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ పౌరహక్కుల బిల్లుకి అడ్డంగా 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు, బిల్లు మాత్రం పాసైంది.

"లేటెస్ట్ ఎడిషన్" సంగతి కూడా చెప్పాలి. ఖర్చుల బిల్లు పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడే షట్‌డౌన్ కింద, అన్నిటికంటే పొడవైనది 2018-19లో 35 రోజులు అని ఉంది. 2025లో 43 రోజులు నడిచింది కదా, అంటే పాత మేటర్‌కి కొత్త అట్ట వేశారు.

వారం తర్వాత షాపుకి వెళ్లి పేజీల సంగతి అడిగాను. "మాది బైండింగే మేడమ్, రాసినాయప్ప యాడున్నాడో మాకే తెలీదు" అన్నాడు, అయినా వేరే కాపీ తీసి లేని నాలుగు పేజీలు ఫ్రీగా జిరాక్స్ తీసిచ్చాడు. 49వ పేజీలో ఒక్క ఓటుతో బతికిపోయింది 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్. ప్రతినిధుల సభ అభిశంసించింది, పదవిలోంచి తీసేయడానికి సెనేట్‌లో ఓట్లు చాలలేదు.

కొనాలా అంటే, తెలుగులో ఇంకేమీ దొరక్కపోతే కొనండి, ఎలక్టోరల్ కాలేజీ, పాకెట్ వీటో చదవండి, పదాల పట్టిక ఉన్న చివరి 20 పేజీల జోలికి పోవద్దు. పేజీల నంబర్లు షాపులోనే లెక్కపెట్టుకోండి. నేను తప్పులన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి ఆయనకే ఇచ్చి వచ్చాను, అడిగినవాళ్లకి చూపించమని. మొన్న మా జూనియర్ అమ్మాయి వెళ్లి కొంటే లోపల నా చేతిరాత జిరాక్స్ పిన్ను కొట్టి ఉందట, 182 తీసుకున్నాడట.